పాత ప్యాడ్లు పారేయనివ్వకండి

కారు కొని రెండేళ్లు కాలేదు. మీటరు ఇరవై వేలు కూడా దాటలేదు. పొద్దున సర్వీసుకు ఇస్తే మధ్యాహ్నానికల్లా ఫోను వస్తుంది: "సార్, ముందు బ్రేక్ ప్యాడ్లు అయిపోయాయి. డిస్కుల మీద కూడా గీతలు పడ్డాయి. మార్చేస్తే మంచిది. ఇది వేర్ అండ్ టేర్ కదా సార్, వారంటీలో రాదు." బ్రేకు అన్నాక వద్దనే ధైర్యం ఎవరికుంటుంది? సరే అంటాం. సాయంత్రం బిల్లు కట్టి బండి తెచ్చుకుంటాం. అరిగిపోయిన ఆ ప్యాడ్లు అప్పటికే వర్క్‌షాపు మూలన తుక్కులో పడి ఉంటాయి.

నా బాధంతా ఆ తుక్కులో పడినవాటి గురించే. ప్యాడ్ అంత త్వరగా ఎందుకు అరిగిందో చెప్పగలిగేది ఆ ప్యాడే. తప్పు నడిపినవాళ్లదా, తిరిగే దారిదా, బండిదా అన్నది దాని మందం చూస్తే, దాని ముఖం చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. చూడకుండా పారేస్తే కారణం బండిలోనే మిగిలిపోతుంది, కొత్త ప్యాడ్లను కూడా తినేస్తుంది.

బ్రేకు చేసే పని ఒక్కటే: పరుగును వేడిగా మార్చడం. 1,200 కిలోల కారు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆగితే పుట్టే వేడి ఎంతో తెలుసా? లీటరు చన్నీళ్లను మరిగే దాకా కాచేంత. ఆ వేడినంతా అరచేతిలో పట్టే ప్యాడ్లు, వాటి మధ్య తిరిగే ఇనుప డిస్కులు మోయాలి. వేగం రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది. కాలనీ రోడ్డులో 40లో వెళ్తూ ఆగిన బండికి, ఔటర్ రింగ్ రోడ్డు మీద 120లో వెళ్తూ ఆగిన బండికి మధ్య తేడా తొమ్మిది రెట్లు. పైగా బ్రేకు తొక్కగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి, ఈ పనిలో మూడింట రెండొంతులు ముందు చక్రాల మీదే పడుతుంది. ముందు ప్యాడ్లే మొదట అరగడం అందుకే. అందులో అనుమానించాల్సింది ఏమీ లేదు.

కొత్త ప్యాడ్‌లో, వెనకున్న ఇనుప రేకు కాకుండా, అరిగే పదార్థం మందం చాలా కార్లలో 10 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చే వేళ అయినట్టే. అంటే మనం వాడుకునేది 7 మిల్లీమీటర్లు. మామూలు వాడకంలో ముందు ప్యాడ్లు 30 నుంచి 50 వేల కిలోమీటర్లు వస్తాయి. హైవే మీదే ఎక్కువ తిరిగే బండికి అంతకంటే ఎక్కువ కూడా వస్తాయి. పొద్దస్తమానం సిటీ ట్రాఫిక్‌లో నలిగే ఆటోమేటిక్ బండికి 20, 25 వేలకే అయిపోయినా వింత కాదు. కాబట్టి మీటరు అంకె ఒక్కటి చూసి షోరూమ్‌తో గొడవకు దిగితే నిలబడదు. వాళ్లు ఆ ఒక్క అంకె చూసి "మీ డ్రైవింగ్ అంతే" అన్నా నిలబడదు.

మా మేనకోడలికి అదే మాట ఎదురైంది. మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడలోని ఆఫీసుకు రోజూ తనే నడుపుకుంటూ వెళ్తుంది. కారు కొని రెండేళ్లయినా నిండలేదు, ప్యాడ్లు అయిపోయాయన్నారు. "మేడమ్, మీరు బ్రేక్ ఎక్కువ వాడుతున్నారు" అని సర్వీస్ అడ్వైజర్ తేల్చేశాడు. "మావయ్యా, నేనంత బ్రేకు తొక్కనే తొక్కను" అని ఫోను చేసింది. ముందు చక్రాలు రెండూ విప్పించి, నాలుగు ప్యాడ్లనూ ఏ వైపువి ఆ వైపు, లోపలిది లోపల, బయటిది బయట, ఒక గుడ్డ మీద వరసగా పెట్టించమన్నాను. పెట్టించాక చూస్తే ఎడమ చక్రంవి రెండూ ఇంచుమించు 6 మిల్లీమీటర్లు ఉన్నాయి. కుడి చక్రం బయటిది కూడా అంతే. కుడి లోపలిది మాత్రం 2 మిల్లీమీటర్లు కూడా లేదు, ఒక అంచున ఇనుప రేకు తేలడానికి సిద్ధంగా ఉంది.

నడిపేది ఒకే మనిషి, తొక్కేది ఒకే పెడలు, తిరిగేది ఒకే దారి. ఎడమ చక్రానికి ఒక లెక్కన, కుడి చక్రం లోపలి ప్యాడ్‌కు ఇంకో లెక్కన బ్రేకు వేయడం ఏ డ్రైవరుకూ సాధ్యం కాదు. అక్కడితో "డ్రైవింగ్ స్టైల్" అన్న మాట ఆగిపోయింది.

అసలేం జరిగిందో అర్థం కావాలంటే కాలిపర్ గురించి నాలుగు మాటలు తెలియాలి. డిస్కును రెండు వైపులా పట్టుకునే ఇనుప పిడికిలే కాలిపర్. మామూలు కార్లలో దానికి పిస్టన్ లోపలి వైపే ఉంటుంది. పెడలు తొక్కితే ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ ముందుకొచ్చి లోపలి ప్యాడ్‌ను డిస్కుకు నొక్కుతుంది. ఆ నొక్కుడుకు కాలిపర్ మొత్తం వెనక్కి జరిగి, బయటి ప్యాడ్‌ను కూడా తనతో లాక్కొచ్చి రెండో వైపు నొక్కుతుంది. ఇలా జరగడానికి రెండు పిన్నులుంటాయి. వాటికి గ్రీజు రాసి, నీళ్లూ దుమ్మూ పోకుండా రబ్బరు తొడుగులు వేస్తారు. ఆ పిన్నుల్లో ఒక్కటి పట్టేసినా కాలిపర్ సరిగ్గా జరగదు. లోపలి ప్యాడ్ ఒంటరిగా పని చేస్తుంది, కాలు తీశాక కూడా డిస్కును రాసుకుంటూనే ఉంటుంది.

మెకానిక్ పై పిన్ను వేలితో లాగితే వచ్చేసింది. కింది పిన్ను రాలేదు. కటింగ్ ప్లేయరుతో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే కిర్రుమంటూ బయటికొచ్చింది. దాని రబ్బరు తొడుగు మడత దగ్గర చిరిగి ఉంది. అందులోంచి నీళ్లు దిగి, గ్రీజు ఎండి గోధుమరంగు పొడైపోయింది. పిన్ను మీద తుప్పు పొక్కులు లేచాయి. ఆ చిరుగు ఫ్యాక్టరీలో బిగించినప్పటిదో, మొదటి సర్వీసుల్లో ఎవరో నిర్లక్ష్యంగా తొడిగినప్పటిదో చెప్పలేం. రెండింటిలో ఏదైనా అది కారు నడిపిన అమ్మాయి తప్పు కాదు. పిన్నులు, రబ్బర్లు వారంటీలో మార్చారు. ప్యాడ్ల డబ్బు దగ్గర మాత్రం ఫొటోలు జతచేసి కంపెనీకి ఇంకొన్ని ఈమెయిళ్లు పెట్టాల్సి వచ్చింది.

అన్ని బళ్లలో ఇలాగే తేలుతుందని కాదు. నాలుగు ప్యాడ్లూ ఒకే మందంలో, సమంగా, శుభ్రంగా అరిగి ఉంటే బండిలో లోపం ఉండే అవకాశం తక్కువ. అప్పుడు మన కాలి వంక, మన దారి వంక నిజాయితీగా చూసుకోవాలి. ఈ మధ్య గేర్ల బండి నుంచి ఆటోమేటిక్‌కు మారినవాళ్లలో చాలామందికి ఎడమ కాలికి పని లేక అది బ్రేకు మీదకు చేరుతుంది. కుడి కాలు యాక్సిలరేటర్ మీద, ఎడమ కాలు బ్రేకు మీద పెట్టి నడిపితే తెలియకుండానే సన్నగా బ్రేకు పడుతూ ఉంటుంది. కనిపెట్టడం తేలికే. ఇంట్లోవాళ్లెవరినైనా వెనక బండి మీద కాసేపు రమ్మనండి. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు కూడా మీ బ్రేకు లైట్లు వెలుగుతున్నాయంటే విషయం తేలిపోయినట్టే. ఎడమ కాలును పక్కనున్న ఫుట్‌రెస్ట్ మీద పెట్టడం అలవాటు చేసుకోవాలి.

ఇంకో అలవాటు ముందు బండికి అతుక్కుని నడపడం. అమీర్‌పేటలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో సందిస్తే ఎవరో ఒకరు దూరతారన్న భయం న్యాయమైనదే. కానీ పది అడుగులు దూకించడం, బ్రేకు కొట్టడం, మళ్లీ దూకించడం... ఈ ప్రతి దూకుడుకూ ప్యాడ్ నుంచి కొంత రాలుతుంది. ఆటోమేటిక్ బండి బ్రేకు వదిలితే తనంతట తానే పాకుతుంది కాబట్టి దాన్ని పట్టి ఉంచే భారం కూడా ఆ ప్యాడ్లదే. ముందున్న సిగ్నల్ ఎరుపని కనిపిస్తే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ముందే తీసేయడం ఒక్కటి చేసి చూడండి. ప్యాడ్ల ఆయుష్షులో తేడా కనిపిస్తుంది, పెట్రోలూ కలిసొస్తుంది.

ఘాట్ రోడ్డు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ప్యాడ్ అరగడంతో ఆగక ప్రాణాల మీదకు వచ్చేది అక్కడే. 1944లో మొదలైన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి వాడుతున్నారు. కొండ మీద నుంచి తిరుపతికి చేరేలోపు బండి దాదాపు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. ఆ ఎత్తులో దాగి ఉన్న శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. టైర్ల రాపిడి, ఎదురు గాలి కొంత తింటాయి. మిగతాదంతా బ్రేకుల నెత్తినే వేస్తే, 80 వేగంలో వెళ్తున్న బండిని పదిహేను ఇరవై సార్లు పూర్తిగా ఆపినంత పని అది. అదీ డిస్కులకు సరిగా గాలి తగలని నెమ్మది వేగంలో, తెరిపి లేకుండా. అరకు, శ్రీశైలం దారుల్లోనూ ఇదే వరస. అలా కాలిన ప్యాడ్ ముఖం అద్దంలా మెరుస్తుంది, అంచులు పెళుసై రాలతాయి. పట్టు తగ్గడంతో ఇంకా గట్టిగా తొక్కుతాం, ఇంకా వేడెక్కుతుంది.

దీనికి మందు గేరు. ఏ గేరులో ఎక్కుతామో ఇంచుమించు ఆ గేరులోనే దిగాలి. ఆటోమేటిక్‌లో 'డి'లోనే వదిలేస్తే చాలా బళ్లలో ఇంజను పట్టు చాలదు. 'ఎల్'కో, మాన్యువల్ మోడ్‌కో మార్చి రెండో గేరులో ఉంచాలి. బండిని ఇంజను పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపుల దగ్గర మాత్రమే పడుతుంది. మైలేజీ వస్తుందని దిగుడులో న్యూట్రల్ వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాత కార్బురేటర్ల రోజుల్లో పుట్టిన నమ్మకం అది. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు లేకపోతే, ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్ వేస్తే ఇంజను తిరగడానికి ఇంధనం పోయాల్సిందే. అంటే న్యూట్రల్ వల్ల మైలేజీ కూడా మిగలదు, బ్రేకులు మాత్రం పోతాయి.

ఘాట్ దిగే ముందు బ్రేక్ ఆయిల్ వయసు కూడా గుర్తు చేసుకోవాలి. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తలో కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీరు పట్టాక ఆ హద్దు 155కు జారిపోవచ్చు. మరిగితే బుడగలు పుట్టి పెడలు నేలకు దిగిపోతుంది. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే.

ముందు ప్యాడ్లు బాగానే ఉండి వెనకవి అయిపోయాయంటే చాలామంది కంగారు పడతారు. పాత లెక్కలో అది వింతే. ఇప్పటి బళ్లలో కాదు. బండి ముక్కు కిందికి వాలకుండా చూడటానికి, సన్నగా బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాలకు ఎక్కువ వాటా ఇచ్చేలా కంప్యూటరును అమర్చిన బళ్లున్నాయి. మలుపులో బండి జారకుండా, దూరాన్ని బట్టి తనే వేగం తగ్గించుకునేలా చేసే సదుపాయాలు కూడా మనం పెడలు తొక్కకుండానే బ్రేకులు వాడుకుంటాయి. వెనక డిస్కుల ప్యాడ్లు చిన్నవి కావడంతో త్వరగా తరుగుతాయి. ఇవేవీ లేని బండిలో వెనకవి ముందే అరిగితే హ్యాండ్ బ్రేకును అనుమానించాలి. సగం దించి నడపడం కావచ్చు, కేబుల్ బిగిసిపోవడం కావచ్చు. వెనక డ్రమ్ములున్న బండిలో దీనికి తిరగబడ్డ జబ్బు ఒకటుంది. లోపలి షూలను డ్రమ్ముకు దగ్గరగా ఉంచే అడ్జస్టర్ పని చేయకపోతే వెనక బ్రేకులు ఊరికే కూర్చుంటాయి, భారమంతా ముందు ప్యాడ్ల మీద పడుతుంది. హ్యాండ్ బ్రేకు మరీ పైదాకా లాగితేగానీ పట్టడం లేదంటే ఆ వైపు చూడమని చెప్పాలి.

ప్యాడ్ ఒక చివర మందంగా, ఇంకో చివర పల్చగా ఉంటే అది తన గూటిలో ఇరుక్కుని వంకరగా నొక్కుతోందని అర్థం. ఒక వైపు చక్రంలో రెండు ప్యాడ్లూ అరిగి, రెండో వైపు బాగుంటే ఆ వైపు పిస్టన్ వెనక్కి పోవడం లేదేమో చూడాలి. నిలువునా గీతలు లోతుగా ఉంటే ఇసుకో, కంకర పొడో ఇరుక్కుందన్నమాట. క్వారీల దగ్గర, పనులు జరుగుతున్న రోడ్ల మీద తిరిగే బళ్లకు ఇది మామూలే. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి డిస్కులు తుప్పు పడతాయి. కడిగిన మర్నాడు కనిపించే ఎర్రటి పొర నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. వారాల తరబడి కదలకుండా నిలబెట్టిన బండి డిస్కు మీద గుంటలు పడితే మాత్రం అవి ఆకురాయిలా ప్యాడ్‌ను గీరేస్తాయి.

ఇంటి దగ్గరే కొంత కనిపెట్టవచ్చు. ఎక్కువ బ్రేకులు వేయకుండా ఓ అరగంట నడిపి వచ్చి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. తాకొద్దు, కాలుతుంది. సెగ తెలిసేంత దగ్గర చాలు. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. ఒక్క అల్లాయ్ వీల్‌కే నల్లటి మసి ఎక్కువ పట్టినా అదే గుర్తు. కీచుమనే చప్పుడు తరచుగా వస్తుంటే, ప్యాడ్ హద్దుకు వచ్చిందని చెప్పడానికి పెట్టిన చిన్న రేకు డిస్కుకు తగులుతూ ఉండొచ్చు. గరగరమని ఇనుము రాసుకునే చప్పుడైతే ఇక బండి కదపకూడదు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గినా ఊరికే పోసేయకండి. ప్యాడ్ అరిగినకొద్దీ మట్టం తగ్గుతుంది, ఎక్కడైనా కారుతున్నా తగ్గుతుంది. చక్రం చువ్వల సందులోంచి టార్చి వేసి చూస్తే కనిపించేది బయటి ప్యాడ్ మాత్రమే. మా మేనకోడలి బండిలో అది చక్కగానే ఉంది. చక్రం విప్పకుండా "బ్రేకులు చూశాం, ఓకే" అన్న మాటను అందుకే నమ్మలేను.

ఇక షోరూమ్‌తో వ్యవహారం. బండి ఇచ్చేటప్పుడే జాబ్ కార్డులో మీ ఫిర్యాదు మీ మాటల్లో రాయించండి: ఇన్ని కిలోమీటర్లకే ప్యాడ్లు అరిగాయి, కారణం కనుక్కోవాలి, పాత భాగాలు తిరిగి ఇవ్వాలి. "బ్రేక్ చెక్" అని రెండు ముక్కలు రాసి సరిపెట్టనివ్వకండి. ప్యాడ్లు విప్పాక ఏ చక్రానివో గుర్తు పెట్టి, స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. వేర్ అండ్ టేర్ అన్న మాటకు హద్దుంది. ప్యాడ్ అరిగే వస్తువే, అందులో వాదన లేదు. కానీ కాలిపర్, పిన్ను, పిస్టన్ అరిగే వస్తువులు కావు. వాటిలో లోపం వల్ల ప్యాడ్ పోయిందని కొలతలు చూపిస్తే అది లోపం తాలూకు నష్టం. ఆ సంగతి షోరూమ్‌కే కాక కంపెనీ కస్టమర్ కేర్‌కు కూడా రాతపూర్వకంగా పంపాలి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 50 లక్షల లోపు పెట్టి కొన్నవాటి ఫిర్యాదులు అక్కడే వింటారు, సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. పరీక్షిస్తేగానీ లోపం తేలదనుకుంటే వస్తువును ల్యాబ్‌కు పంపే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కమిషన్‌కు ఇచ్చింది. పంపడానికి వస్తువంటూ మీ దగ్గర ఉండాలి కదా! అలాగే కంపెనీ వెబ్‌సైట్‌లో మీ ఛాసిస్ నంబరు కొట్టి రీకాల్ ఏమైనా ఉందేమో చూసుకోండి. ఉంటే బాగుచేసే ఖర్చు కంపెనీదే.

మార్చేటప్పుడు ఎడమ కుడి రెండూ కలిపే మార్చాలి. ప్రతి డిస్కు మీద కనీస మందం ఎంతో అచ్చేసి ఉంటుంది. అంతకు తగ్గకపోతే, గీతలు లోతుగా లేకపోతే, డిస్కు మార్చాల్సిన పని లేదు. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకున్న బండికి వెనక ప్యాడ్లు వేయాలంటే ముందు స్కానర్ తగిలించి సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. అది లేని చోట బలవంతంగా పిస్టన్ నొక్కితే మోటారు పాడవుతుంది. పిన్నులు విప్పి, తుడిచి, బ్రేకులకు వాడే గ్రీజే రాశారో లేదో దగ్గరుండి చూడండి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది. కొత్త ప్యాడ్లు పడ్డాక మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు వేయకుండా నడపాలి, రెండు ముఖాలూ ఒకదానికొకటి కుదురుకోవాలి.

ఆ తర్వాత 5,000 కిలోమీటర్లకు ఒకసారి చక్రాలు విప్పించి, లోపలి ప్యాడ్లతో సహా కొలిపించి రాసి పెట్టుకోండి. 10 మిల్లీమీటర్లది 9కి వస్తే, 3కు చేరేసరికి 35 వేలు తిరుగుతారు, నిశ్చింతగా ఉండొచ్చు. 8కి వచ్చిందంటే 17 వేలకే మళ్లీ అదే బిల్లు. ఒక ప్యాడ్ మాత్రమే 7కి దిగి మిగతావి 9లో ఉంటే అదే రోజు, అదే కాగితంతో, జాబ్ కార్డు తెరిపించండి.